బీరువాలో కవరు, మంచం కింద పేపర్లు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూల్ పిల్లలకు సోషల్ చెబుతాను. పోయిన ఏడాది మా నాన్న చనిపోయారు. ఆ తర్వాత నిద్ర పట్టక, ఊరికే ఏడుపు వస్తుంటే మావారు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. డిప్రెషన్ అన్నారు. ఏడు నెలలుగా మందులు వాడుతున్నాను. ఇప్పుడు నిద్ర పడుతోంది, ఏడుపు తగ్గింది. కానీ ఏ పనీ మొదలుపెట్టలేకపోతున్నాను. తొమ్మిదో తరగతి పరీక్ష పేపర్లు 76, మూడు వారాలుగా సంచిలో మంచం కిందే ఉన్నాయి. నాన్న రిటైరైన ప్రభుత్వ ఉద్యోగి. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ కోసం పెట్టాల్సిన కాగితాలు కవర్లో వేసి బీరువాలో పెట్టి ఐదు నెలలైంది. బయటికి తీయలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ మెసేజ్ పెడితే తెరవను. డాక్టరు దగ్గరికి కూడా రెండుసార్లు వెళ్లాల్సింది వెళ్లలేదు, పాత చీటీ చూపించి మందులు తెచ్చుకుంటున్నాను. రాత్రి పన్నెండు దాకా ఫోన్లో వీడియోలు మాత్రం చూస్తాను. మా అత్తగారు 'ఒళ్లు వంగదు' అంటారు. మావారు మంచివారే, ఆయన కూడా మొన్న 'ఫోన్ చూసే ఓపిక ఉంటుంది గానీ' అన్నారు. నాకూ అదే అనుమానం. ఇది జబ్బా, నా బద్ధకమా? ఒక్కోసారి నేను లేకపోతే వీళ్లందరికీ హాయి అనిపిస్తుంది. ఈ ఉత్తరం కూడా మూడుసార్లు మొదలుపెట్టి ఆపేసి ఇప్పటికి రాశాను.
– ఒక టీచర్, ఖమ్మం

జవాబు:

అమ్మా,

మీ ప్రశ్న దగ్గరికి కాసేపాగి వస్తాను. ఉత్తరం చివర్లో, మాటవరసకు అన్నట్టు, 'నేను లేకపోతే వీళ్లందరికీ హాయి' అని రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఆ ఆలోచన ఎప్పుడెప్పుడు వస్తోంది? వచ్చి పోతోందా, వచ్చి కూర్చుంటోందా? ప్రాణం తీసుకోవాలన్న దాకా వెళ్తోందా? మీరు ఎదురుగా ఉంటే ఈ మాటలే నేరుగా అడిగేదాన్ని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. అడిగే మనిషి దొరికితే లోపలి బరువు కొంత దిగుతుంది.

అందుకని ఈ రాత్రే మీవారికి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చెప్పండి. నోరు రాకపోతే మీరు నాకు రాసిన ఉత్తరమే ఆయనకు చూపించండి. నెల మందులు ఆయన దగ్గర ఉంచి, ఏ రోజువి ఆ రోజు ఆయన చేతి నుంచి తీసుకోండి. ఆ ఆలోచన గట్టిపడుతున్నట్టు అనిపిస్తే ఒంటరిగా ఉండకండి, తెల్లారేదాకా ఆగకండి. ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడే చేయాలని కూడా ఏమీ లేదు. మధ్యాహ్నం పూట ఊరికే గుండె బరువెక్కినా చేయవచ్చు.

ఇక జబ్బా, బద్ధకమా అన్న మాట.

బద్ధకంగా ఉన్నవాళ్లు పని ఎగ్గొట్టి హాయిగా నిద్రపోతారు. మీరు రోజూ ఆ 76 పేపర్ల మీదే పడుకుంటున్నారు. కింద సంచి ఉందని ప్రతి రాత్రీ గుర్తొస్తూనే ఉంటుంది. పని చేయలేదు, సుఖమూ పడలేదు. ఇరవై ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. 'నాది బద్ధకమేమో' అని కుమిలిపోతూ వచ్చినవాళ్లను ఎంతోమందిని చూశాను, వాళ్లలో నిజంగా బద్ధకస్తులు నాకు దాదాపు తగల్లేదు.

డిప్రెషన్ అంటే ఏడుపు, దిగులు అనే మన ఇళ్లలో అనుకుంటారు. డాక్టర్లు దాని తీవ్రత కొలవడానికి వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటుంది. గడిచిన రెండు వారాల్లో ఎలా ఉన్నారని అడుగుతుంది. అందులో దిగులు గురించి ఉన్నది ఒక్కటే ప్రశ్న. పనుల మీద ఆసక్తి పోయిందా, ఒంట్లో ఓపిక లేదా, దేని మీదా మనసు నిలవడం లేదా, కదలికా మాటా మందగించాయా అని విడివిడిగా అడుగుతారు. 'నేను దేనికీ పనికిరాను, ఇంట్లోవాళ్లను నిరాశపరిచాను' అనిపిస్తోందా అన్నది మరో ప్రశ్న. ఇవన్నీ జబ్బు లక్షణాలే. మీరు వీటన్నిటినీ కలిపి 'బద్ధకం' అని పేరు పెట్టుకున్నారు. చాలామందిలో మందులతో ముందు కుదిరేది నిద్ర, తర్వాత ఏడుపు. పనికి పూనుకునే శక్తి చాలామందికి ఆలస్యంగా వస్తుంది. మీరిప్పుడు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు. చూసేవాళ్లకు బాగైపోయినట్టే కనిపిస్తారు, లోపల మాత్రం సగం దారిలోనే ఉన్నారు. ఈ దశలోనే ఇంట్లోవాళ్ల ఓర్పు తగ్గుతుంది. రోగి తన మీద తాను నమ్మకం పోగొట్టుకునేదీ ఇక్కడే.

కాబట్టి మీ వాయిదా పనుల్లో మొట్టమొదట తీర్చాల్సింది పేపర్లు కావు, పెన్షన్ కాదు. డాక్టరు అపాయింట్‌మెంట్. పాత చీటీతో మందులు తెచ్చుకోవడమంటే నాలుగైదు నెలల కిందటి మీ పరిస్థితికి ఇవాళ వైద్యం చేయించుకోవడం. అపాయింట్‌మెంట్ మీరు తీసుకోవద్దు, మీవారిని తీసుకోమనండి, వెంట రమ్మనండి. అక్కడ 'పర్లేదు డాక్టర్ గారూ' అనకండి. మనవాళ్లకు అది అలవాటు, గది బయట ఎంత బాధపడినా లోపలికెళ్లి పర్లేదనేస్తారు. ఒక చిన్న కాగితం మీద ఇలా రాసుకెళ్లండి: 'నిద్ర కుదిరింది, ఏడుపు తగ్గింది. పని మొదలుపెట్టలేకపోతున్నాను. నేను లేకపోతే హాయి అన్న ఆలోచన వస్తోంది. రెండుసార్లు రాలేదు.' ఆయన మోతాదు మార్చవచ్చు, మందే మార్చవచ్చు. కొన్ని మందులతో మగతగా ఉంటుంది, అది కూడా చెప్పాలి. థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు ఈమధ్య చేయించకపోతే అవి అవసరమా అని అడగండి. థైరాయిడ్ తక్కువైతే కూడా మనిషి ఇలాగే మందకొడిగా అయిపోతుంది. కాస్త బాగుందనో, ఏమీ లాభం లేదనో మందులు మీ అంతట మీరు ఆపొద్దు. నిద్ర చెడవచ్చు, తల తిరగవచ్చు, జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ ఉంది.

ఫోన్ సంగతి. మీవారు అన్న మాట మిమ్మల్ని పొడిచిందని తెలుస్తూనే ఉంది. ఆయనకు చెప్పండి, ఫోన్ చూడటానికి ఓపిక అక్కర్లేదు. వీడియో తనంతట తాను మొదలవుతుంది, ఒకటి అయితే ఇంకొకటి వస్తుంది. ఏదీ నిర్ణయించుకోనక్కర్లేదు, దేంట్లోనూ ఓడిపోవడం ఉండదు. పేపర్ల సంచి ముట్టుకుంటే మాత్రం వెంటనే 'మూడు వారాలు లేటు, మేడమ్ ఏమంటుందో, పిల్లలు ఏమనుకుంటున్నారో' అని టెన్షన్ మొదలవుతుంది. మనం తప్పించుకునేది పనిని కాదు, పని తలచుకోగానే కడుపులో తిప్పే ఆ బాధని. ఫోన్ తీయగానే అది కాసేపు ఆగుతుంది. ఆగిందన్న ఊరటే రేపు కూడా ఫోన్ తీయిస్తుంది. ఈలోగా పని ఇంకో రోజు పాతబడుతుంది, దాన్ని తలచుకోవడం ఇంకాస్త కష్టమవుతుంది. వాయిదా వేయడం గురించి పరిశోధన చేసినవాళ్లు కూడా ఈ మాటే చెబుతున్నారు, అది టైము సమస్య కాదు, బాధను ఆ క్షణానికి పక్కకు నెట్టే ప్రయత్నమని. అందుకే టైం టేబుల్ ఎంత అందంగా గీసినా పనిచేయదు.

బీరువాలో కవరు గురించి మీరు రెండు ముక్కలే రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైనది అదే అనిపించింది. ఆ కవర్లో ఏముంటాయి? నాన్నగారి డెత్ సర్టిఫికెట్, ఆయన పెన్షన్ పుస్తకం, అమ్మతో కలిసి దిగిన ఫోటో. దరఖాస్తులో ఆయన పేరు ముందు 'లేట్' అని మీ చేత్తో రాయాలి. ఏ కూతురికి చేయి ఆడుతుందమ్మా? దాన్ని బద్ధకం లెక్కలో వేసుకోకండి. నాన్న పోయిన ఏడాదిలోనే మీరు జబ్బుపడ్డారు, ఆయన కోసం కుదురుగా కూర్చుని ఏడ్చే తీరిక కూడా దొరికి ఉండదు. ఆ కవరు ఒంటరిగా తెరవకండి. అమ్మను రెండు రోజులు ఇంటికి పిలిపించుకోండి, లేదా మీరే వెళ్లండి. ఇద్దరూ కూర్చుని తెరవండి. ఆ రోజు దరఖాస్తు నింపాలని పెట్టుకోవద్దు. ఫోటో చూసి ఏడుపొస్తే ఏడవండి, ఆయన గురించి మాట్లాడుకోండి. అంతే ఆ రోజు పని. ఆ తర్వాత కవరు మీవారి చేతికివ్వండి, ట్రెజరీ ఆఫీసుకు వెళ్లి ఇంకా ఏ కాగితం కావాలో కనుక్కుని వచ్చే పని ఆయనది. కూతురే చేయాలని ఎక్కడా లేదు. అమ్మకు కావాల్సింది పెన్షన్. అది ఎవరు తిరిగితే వచ్చిందన్నది ఆమెకు ముఖ్యం కాదు.

ఇప్పుడు పేపర్లు. ఇక్కడ మీరు ఒక అలవాటు మార్చుకోవాలి. 'కొంచెం మూడ్ బాగుపడ్డాక కూర్చుంటా' అనుకుంటున్నారు కదా? మామూలు రోజుల్లో అది సరైనదే. తలనొప్పి తగ్గాక పని చేసుకుంటాం. డిప్రెషన్‌లో మాత్రం అది తిరగబడుతుంది. 1970లలో పీటర్ లెవిన్సన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఈ విషయం గమనించాడు. మనసు కుంగినవాళ్లు పనులు తగ్గించుకుంటారు, పనులు తగ్గాక వాటి వల్ల దొరికే చిన్న చిన్న సంతోషాలు కూడా పోతాయి, దాంతో ఇంకా కుంగుతారు. 1996లో నీల్ జేకబ్సన్ బృందం ఇంకో అడుగు వేసింది. ఆలోచనలు మార్చే చికిత్స మొత్తంగా ఇచ్చినవాళ్లనూ, అందులో పనులను కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టించే భాగం ఒక్కటే ఇచ్చినవాళ్లనూ పోల్చి చూస్తే, రెండో గుంపువాళ్లు ఏమీ వెనకబడలేదు. మన దేశంలోనూ చేసి చూశారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 495 మంది మీద చేసిన ఆ ప్రయోగం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కౌన్సెలింగ్ ఇచ్చినవాళ్లు డాక్టర్లు కారు, శిక్షణ తీసుకున్న స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని, ఆ మనిషి మానేసిన పనులేమిటో చూసి, అందులో చిన్నవి ఒకటొకటిగా మళ్లీ మొదలుపెట్టించారు. అది అందనివాళ్ల కంటే అందినవాళ్లలో కోలుకున్నవారు ఎక్కువ. నాకు ఈ ప్రయోగం మీద గౌరవం. ఖరీదైన క్లినిక్‌లో కాదు, మనలాంటి ఊళ్లలో, మనలాంటి మనుషులతో నడిచింది కాబట్టి.

అంటే మూడ్ కోసం ఎదురుచూడకూడదు. అలాగని 'లే, గట్టిగా అనుకుంటే అన్నీ అవుతాయి' అని నేను చెప్పడం లేదు. ఆ మాట మీకు చాలామంది చెప్పే ఉంటారు, అది కాలు విరిగినవాళ్లను పరుగెత్తమనడం లాంటిది. పని ఎంత చిన్నదై ఉండాలంటే, మీ రోజుల్లోకెల్లా పాడు రోజున కూడా చేయగలిగేదై ఉండాలి.

మీకు పొద్దున బాగుంటుందా, సాయంత్రం బాగుంటుందా? చాలామందికి ఈ జబ్బులో పొద్దున పూట మరీ బరువుగా ఉండి, సాయంత్రానికి కాస్త తెరిపి ఇస్తుంది. మీకూ అంతే అయితే పొద్దున్నే లేచి దిద్దుతానని ఒట్టు పెట్టుకోకండి. మొదటి రోజు సాయంత్రం టీ తాగాక సంచి మంచం కింద నుంచి తీసి హాల్లో టేబుల్ మీద పెట్టండి. ఆ రోజుకు అదే పని. నవ్వు రావచ్చు, ఇంతేనా అనిపించవచ్చు. మూడు వారాలుగా కాని పని అదే కదమ్మా.

రెండో రోజు, అదే టీ తర్వాత, ఐదు పేపర్లు. వాటిలో కూడా ఒక మార్కు బిట్లు మాత్రమే. టీచర్‌గా మీకు తెలిసిందే, ఒక పేపరు మొత్తం దిద్దడం కంటే ఒకే ప్రశ్న అన్ని పేపర్లలో దిద్దుకుంటూ పోతే తల తక్కువ పనిచేస్తుంది. మ్యాపు గుర్తించే ప్రశ్న ఉంటే అది ముందు తీసుకోండి, చూడగానే మార్కు వేసేయవచ్చు. పెద్ద వ్యాసాలు చివరికి. ఐదు అయ్యాక ఇంకా చేయగలననిపించినా మొదటి వారం ఆపేయండి. ఎందుకంటే, ఓపిక వచ్చిన రోజున కసిగా నలభై పేపర్లు దిద్దేసి, తర్వాతి నాలుగు రోజులు మంచం దిగలేకపోవడం ఈ జబ్బులో మామూలు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఆరోగ్యంగా ఉన్న టీచర్లకు కూడా రోజుకు ఇన్నే అని లెక్క పెడతారు. జబ్బులో ఉన్న మీకు లెక్క అక్కర్లేదా?

ఒక రోజు తప్పుతుంది. తప్పకుండా తప్పుతుంది. ఆ మర్నాడు పది చేసి పూడ్చుకోవాలని చూడకండి, మళ్లీ ఐదే.

ప్రిన్సిపాల్ మేడమ్ మెసేజ్‌లు ఇంకా తెరవొద్దు. వాటిని చదవకుండానే మీరే ఒకటి పంపండి. మాటలు నేనే రాసిస్తాను: 'మేడమ్, నా ఆరోగ్యం బాగోలేక పేపర్లు ఆలస్యమయ్యాయి, క్షమించండి. ఎ సెక్షన్ పేపర్లు ఫలానా తేదీకి, బి సెక్షన్ పేపర్లు ఫలానా తేదీకి ఇస్తాను.' తేదీ చెప్పేటప్పుడు మీకు పట్టే సమయానికి రెట్టింపు అడగండి. జబ్బు పేరు చెప్పక్కర్లేదు. మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు ఇచ్చింది. మేడమ్ మంచి మనిషని మీకు నమ్మకముంటే చెప్పుకోండి, లేదంటే 'ఆరోగ్యం బాగోలేదు' అన్నది అబద్ధం కాదు, పూర్తి నిజం. పంపిన తర్వాత పాత మెసేజ్‌లు మీవారిని చదవమనండి, అవసరమైనవి ఆయన చెబుతారు.

నాకూ ఇలాంటి కాలం ఒకటి గడిచింది. నలభై ఒకటో ఏట, దాదాపు ఎనిమిది నెలలు. ఇంటికి వచ్చిన కవర్లన్నీ చింపకుండా వంటింటి సొరుగులో వేసేదాన్ని. అప్పటికే నేను ఇతరులకు కౌన్సెలింగ్ చేస్తున్న మనిషిని, అందుకని సిగ్గు ఇంకా ఎక్కువ. ఒక మధ్యాహ్నం పక్కింటి అక్క చిక్కుడుకాయలు తెచ్చుకుని మా టేబుల్ దగ్గర కూర్చుంది. 'నువ్వు ఒక్కో కవరు చింపి నా పక్కన పెట్టు, చదవక్కర్లేదు' అంది. ఆమె ఈనెలు తీస్తూ కూర్చుంది, నేను కవర్లు చింపాను. పంతొమ్మిది. మధ్యలో ఒక సలహా కూడా చెప్పలేదు. ఆ రోజుకు నేను చేసిన పని అదొక్కటే, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆకలేసింది. పక్కన మనిషి ఉంటే చేయి ఆడుతుంది, కారణం ఏదైనా కానివ్వండి. మీరు దిద్దే ఆ కాసేపు మీవారిని మీ టేబుల్ దగ్గరే న్యూస్‌పేపరు చదువుకుంటూ కూర్చోమనండి. దిద్దమని అడగొద్దు, ఎన్ని అయ్యాయని ఆయన అడగొద్దు. ఈ సాయం ఏ మగవాడైనా చేయగలడు. మంచివారని మీరే అన్నారు, ఏం చేయాలో తెలియక ఆ మాట అని ఉంటారు.

అత్తగారిని ఒప్పించే ప్రయత్నం ఇప్పుడు పెట్టుకోకండి. ఉన్న కాస్త ఓపికా దానికే పోతుంది. మీవారే ఒకరోజు 'అమ్మా, డాక్టరు ఇది జబ్బు అన్నారు, ఆ మాట అనొద్దు' అని చెబితే చాలు. కొడుకు నోటి నుంచి వచ్చిన మాట వేరుగా వినిపిస్తుంది.

మిమ్మల్ని మీరు తిట్టుకోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది క్రమశిక్షణ అని చాలామంది టీచర్లు నమ్ముతారు. 2010లో కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసిన విద్యార్థులను గమనించారు. 'సరే, ఈసారి అయిపోయింది' అని తమను తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు వాయిదా తగ్గించారు. మీ క్లాసులో హోంవర్కు చేయని పిల్లాడు మూడు వారాలుగా మీ కంట పడకుండా తిరుగుతుంటే ఏం చేస్తారు? దగ్గరికి పిలిచి, 'పోయింది పోనీరా, ఈ ఒక్క ప్రశ్న రాసి చూపించు' అంటారు కదా. అదే గొంతుతో మీతో మీరు మాట్లాడుకోండి. మొదట్లో కృత్రిమంగా అనిపిస్తుంది, అయినా అనండి.

మూడుసార్లు ఆగిపోయి కూడా నాలుగోసారి ఈ ఉత్తరం పూర్తి చేసి పంపారు. ఎవరి చేతా చెప్పించుకోకుండా, మనసు బాగోలేని రోజునే. డాక్టరును కలిశాక నాకు మళ్లీ రాయండి. పేపర్లు ఎన్ని అయ్యాయో అక్కర్లేదు. ఏ తేదీన వెళ్లారో, ఆయన ఏమన్నారో రెండు ముక్కలు రాసినా చాలు. ఎదురుచూస్తుంటాను.